బాలింతల బండి లక్ష్మక్క

వనస్థలిపురంల యాదలక్ష్మి ఇల్లు ఏది అని అడిగితే ఎవ్వరూ చెప్పలేరు. బాలింతల బండి లక్ష్మక్క ఇల్లు అని అడుగుండ్రి, ఇస్త్రీ చేసే ఆయన పెట్టె పక్కకు వెట్టి మరీ సందు చివరిదాంక వచ్చి చూపిస్తడు. ఆయన కోడలిని దవాఖానకెళ్లి ఇంటికి తెచ్చింది లక్ష్మక్కనే. ఎదురింటి టీచరమ్మను తెచ్చిందీ ఆమెనే. ఆ గల్లీల సైకిలు తొక్కుతున్న పోరగాండ్లల్ల సగం మంది పుట్టినంక మొదటిసారి ఎక్కిన బండి ఆమెది.

మీకు నవ్వు రావచ్చు. కార్లకేం కరువు, ఫోన్ల ఒత్తితే గడప ముందటికి వస్తయ్, బాలింతలకు మళ్ల ప్రత్యేకంగ ఒక బండేంది అని. కడుపు కోసి కుట్లేసినంక, కండ్లు గూడ తెరువని పసిగుడ్డును పట్టుకొని, దిల్‌సుఖ్‌నగర్ కెళ్లి ఒక్కసారి ఇంటికి పోయి చూడుండ్రి, అప్పుడు మాట్లాడుదాం. మన కాలనీలల్ల గల్లీకొక్కటి కాదు, గేటుకొక్కటి స్పీడ్ బ్రేకర్. ఎవని ఇష్టమున్నట్టు వాడు సిమెంటు పోసి కట్టుకున్నయ్. నీళ్ల పైపు కోసమని తవ్వుతరు, పూడ్చుడు మరుస్తరు. వాటి మీదికెళ్లి తోలేటోడు చెవుల ఫోను వెట్టుకొని, ఒక్క చేత్తోని తిప్పుకుంట, దబేల్‌మని ఎగరేస్తడు. ఎనక కూసున్నామె కొంగు నోట్ల కుక్కుకొని ఏడుస్తది. వానికి వినబడదు. పాటలు పెట్టుకున్నడు గదా.

లక్ష్మక్క బండిల అట్ల ఉండదు. స్పీడ్ బ్రేకర్ ఇంకా దూరం ఉండంగనే కాలు తీస్తది, సెకండ్ గేరుకు దిగుతది, గడ్డ మీదికి చక్రం ఎక్కేముందే బ్రేకు ఒదిలేస్తది. బ్రేకు మీద కాలుంచి ఎక్కిస్తే బండి ముక్కు వంగి ఉంటది, దెబ్బ సక్కగ నడుముకు తగుల్తది అంటది. ఒదిలేస్తే చక్రం దానంతటదే లేచి నిమ్మళంగ దిగుతదట. ముప్పై దాటి తోలదు. ముందు బండికీ తన బండికీ నడుమ ఇంకో కారు పట్టేంత జాగ ఇడుస్తది. ఆ జాగల ఎవడో ఒక ఆటో వాడు దూరనే దూరుతడు. దూరితే ఇంకొంచెం ఎనక్కి తగ్గుతది, తిట్టదు. ఎనకకెళ్లి హారన్లు గొడ్తరు. "వాళ్ల చేతికి దురద, మనకెందుకు" అంటది, గంతే.

ఈ పిచ్చి ఆమెకు ఉత్తగనే పట్టలే. పెండ్లయినంక మునుగోడు దిక్కు పల్లె ఇడిసి, మొగడు మహిపాల్ ఎంట సరూర్‌నగర్ల ఒక కిరాయి అర్రకు వచ్చింది. తల్లి లేని పిల్ల గనుక తొలిసూరు పురుడు గూడ అత్త అండాలమ్మనే పోసింది. అరుణజ్యోతి పుట్టింది, పెద్దాపరేషన్ అయ్యింది, ఆటోల ఇంటికి తెచ్చిండ్రు. అత్త పసిపిల్లను ఒళ్లె వెట్టుకొని, "ఓర్చుకో బిడ్డా, ఆడజన్మంటే ఓర్చుకునుడే" అన్నది. ఓర్చుకున్నది. ఇంటికాడ దిగి చూస్తే ఒక కుట్టు తెగింది. మళ్ల అదే ఆటోల, అదే తొవ్వల, అవే గుంతల మీదికెళ్లి దవాఖానకు. నొప్పులు పడ్డది మర్చిపోయింది గని ఆ తొవ్వ మాత్రం యాదలక్ష్మి మర్చిపోలే.

మహిపాల్‌ది టాక్సీ. చానా ఏండ్లు తోలిండు, ఒక్క గీత పడనీయలే. షుగర్ ముదిరి చూపు మందగించినంక ఒకనాడు తాళం తెచ్చి దేవుని గూట్లె పెట్టిండు. "ఎదురుంగ వచ్చే బండి ఒక్కటా రెండా అని అనుమానం వస్తుంది, ఇగ నేను తోల" అన్నడు. ఎవ్వరూ చెప్పకముందే ఆయనంతట ఆయన అన్న మాట అది. కండ్లు కానరాకున్నా మీసాలు మెలేసి తోలేటోళ్లు ఈ పట్నంల ఎంతమంది లేరు, చెప్పుండ్రి. మహిపాల్ గొప్ప మనిషి అని నేనెందుకంటనంటే ఇందుకే.

బండి కవరు కింద మూల్గుతుంటే యాదలక్ష్మి గూట్లె తాళం తీసింది. "నాకు నేర్పు" అన్నది. అప్పటికామె నలభైకి దగ్గర. పొద్దుపొద్దున ఖాళీ ప్లాట్ల నడుమ మహిపాల్ పక్క సీట్ల కూసునేటోడు, చూపు లేకున్నా చెవులతోని నేర్పిండు. ఇంజను చప్పుడు విని గేరు తప్పు అనేటోడు. టైరు చప్పుడు విని తిప్పుడు ఎక్కువైంది అనేటోడు. ఒక మాట మాత్రం పదే పదే చెప్పేటోడు. "ఏమన్నా గానీ, కండ్లు తొవ్వ మీదికెళ్లి కిందికి దించొద్దు. కింద ఏం పడ్డా, ఎవరేమన్నా, ముందు బండి ఆపు, అటెన్క ఒంగు." నాగోల్ ట్రాక్ మీద పరీక్ష పాసయ్యింది. లైసెన్సు కార్డు ఇంటికొచ్చిన్నాడు ముందుగాల ఆమె అనుకున్నది, తెలిసిన ఇంట్ల ఎవరన్న బాలింత ఉంటే తనే పోయి తేవాలని. ఒకామెను తెచ్చింది. ఆమె తన చెల్లెకు చెప్పింది. ఇగ పేరు ఊరు పట్టుకొని తిరిగింది.

అండాలమ్మకు మాత్రం నచ్చలే. "నా కొడుకు కూసున్న సీట్ల కోడలు కూసుంటదా? లోకం నవ్వదా?" అన్నది. లోకం నవ్వలే. లోకం ఫోన్ నంబరు అడిగింది. అయినా ముసలామె ఆ బండి ఎక్కలే. కొత్తపేట రైతుబజారుకు పోవాలన్నా, దవాఖానకు పోవాలన్నా షేరాటోల కొసకు ఏలాడుకుంట పోతది గని, కోడలు ముందట బండి ఆపి "ఎక్కు అత్తమ్మా" అంటే మొఖం తిప్పుకొని పోతది. యాదలక్ష్మి రచ్చ గెలిచింది గని ఇంట గెలవలే. ఊళ్లె అందరి అవ్వలూ నమ్మి కూసున్న బండిల తన అత్త కూసోదు. పైకి ఏమనకపోయేది గని ఆమెకు మస్తు బాధ ఉండేది. తల్లి లేని తనకు పురుడు వోసిన మనిషి, తన చేతి మీద నమ్మకం పెట్టదాయె.

బండిని ఆమె చూసుకునే తీరు గురించి చెప్పకపోతే ఈ ముచ్చట సగమే. పాత బండి, సగం జీవితం మహిపాల్ తోని నడిచిన బండి. దాని తలుపు పక్కన అంటించిన కాగితం మీద టైర్లల్ల గాలి ఎంతుండాలె అని రాసుంటది, గంతే కొట్టిస్తది, అదీ పొద్దున టైర్లు సల్లగున్నప్పుడే. మిగిలిన టాక్సీలోళ్లు డీజిలు మిగుల్తదని గాలి బిర్రుగ ఎక్కిస్తరు, బండి గిత్త లెక్క ఎగురుతది. లోపల అగర్‌బత్తి ముట్టియ్యదు, వాసనల సీసా పెట్టదు. బాలింతకు అసలే వాంతి వచ్చినట్టుంటది, పసిగుడ్డుకు ఊపిరే కొత్త. ఏసీ ముందుగాల్నే తిప్పి పెడ్తది, గాలి పిల్ల మీదికి రాకుండ రెక్కలు పైకి మలుపుతది. సీటు బెల్టు కుట్ల మీద ఒత్తుకుంటదని ఎవ్వరూ పెట్టుకోరు గదా, ఆమె కింది బెల్టును కుట్లకు దిగువన తుంటి ఎముకల మీదికి జరిపి, నడుమ ఒక మెత్తటి తువ్వాల మడత వెడ్తది. పెట్టుకున్నామెకు పెట్టుకున్నట్టే తెల్వదు. 

ఇంకోటి ఉన్నది. ప్రతిసారి బండి కదిలేముందు ముందు తలుపు తీసి గొంతు కూసోని, పెడళ్ల కింద, సీటు కింద చెయ్యి పెట్టి తడుముతది. నీళ్ల సీసాలు, పాల సీసా మూతలు, చెప్పులు, ఏం దొర్లుతయో ఎవరికెరుక. చూసినోళ్లు "ఏం పోయిందక్కా, చెవి కమ్మనా?" అని ఎక్కిరిస్తరు. నవ్వి ఊకుంటది.

అన్నిటికన్న పెద్ద కొట్లాట పిల్ల కుర్చీ కాడ. పసిపిల్లను పండుకోవెట్టి పట్టీలు బిగించే కుర్చీ ఒకటి ఎనక సీటుకు కట్టి ఉంటది, పిల్ల మొఖం ఎనక అద్దం దిక్కు వచ్చేటట్టు. దాన్ని చూడంగనే అమ్మమ్మలు లొల్లి వెడ్తరు. మొదటిసారి ఇంటికొచ్చే బిడ్డను ఒళ్లె వెట్టుకోక ప్లాస్టిక్ తొట్లె ఏస్తరా అని. "అవ్వా, బ్రేకు కొడితే బండి ఆగుతది గని నీ చేతులు ఆగవు" అంటది లక్ష్మక్క. "ఇంటికాడ దిగినంక సచ్చేదాంక ఎత్తుకో. తొవ్వల మాత్రం నాకియ్యి." ఇట్ల చెప్పి చెప్పి ఒప్పిస్తది. ఒప్పుకోకపోతే బండి కదలదు.

రాహుకాలం లొల్లి దీనికి మించింది. మనోళ్లకు పసిబిడ్డ గడప తొక్కే గడియ సక్కగుండాలె. దవాఖానల కాగితాల కాడ సగం పొద్దు పోగొట్టి, బండి ఎక్కినంక గడియారం చూసుకుంట "అమ్మా, జర జల్ది, రాహుకాలం వస్తుంది" అంటరు. మళ్ల వాళ్లే "కుదుపు రావొద్దు, పైలం" అంటరు. కుండల కూడు కుండల్నే ఉండాలె, పిలగాడు మాత్రం దుడ్డు లెక్క ఉండాలె. లక్ష్మక్క ఒక్కటే జవాబు చెప్తది. "రాహువుకు నా బండి నంబరు తెల్వదు. పోలీసాయనకు తెలుసు." అందరూ నవ్వుతరు, ఆ నవ్వుల తొందర పోతది. ఇన్నేండ్లల్ల ఎవ్వరికోసం గూడ ఒక్క మెట్టు ఎక్కువ స్పీడు పోలే.

అట్లాంటి మనిషి ఒక్కనాడు తప్పింది. పరాయోళ్ల కోసం కాదు, సొంతింటోళ్ల కోసం.

అరుణజ్యోతికి కొత్తపేట దవాఖానల ఆడపిల్ల పుట్టింది. తల్లి లెక్కనే పెద్దాపరేషన్. అల్లునికి బెంగుళూరుల డ్యూటీ, సాయంత్రం దిగుతడు. ఇంటికి తోలే రోజు బుధవారం పడ్డది. పొద్దున లేవంగనే యాదలక్ష్మి టైర్ల గాలి, బ్రేకులు చూసుకున్నది. ఊరి బిడ్డలందరినీ తెచ్చిన చెయ్యి, ఇయ్యాల కన్నబిడ్డను తెస్తుంది. తను పడ్డ యాతన అరుణ పడొద్దు, ఒక్క కుట్టు కదలొద్దు, ఒక్కసారి గూడ పండ్లు కరుచుకోవద్దు. ఆమెకు కావాల్సింది గంతే. అదీ ఎవరి ముందట? అండాలమ్మ ముందట. మునిమనుమరాలిని ఇడిసి తను ఇంకో బండిల రాలేనని ముసలామె ఆ దినం ఒప్పుకున్నది. మొట్టమొదటిసారి కోడలు తోలే బండి ఎక్కబోతుంది.

దవాఖానల కాగితాలు ఎప్పటిలెక్కనే ఆలిశం అయినయ్. కిందికి దిగేసరికి పదకొండున్నర దాటింది. బుధవారం పన్నెండు కొట్టంగనే రాహుకాలం. అండాలమ్మ మెట్ల కాడికెళ్లే మొదలువెట్టింది.

"ఏమే లక్ష్మీ, పసిగుడ్డు రాహుకాలంల గడప తొక్కుతదా? ఎన్నడన్న విన్నమా?"

"పోదాం అత్తమ్మా. తొవ్వ ఎంతనో లేదు."

వేరే ఇంటి అవ్వ అడిగి ఉంటే రాహువూ, బండి నంబరూ ముచ్చట చెప్పి నవ్వించేది. సొంత అత్తకు ఆ మాట ఎట్ల చెప్తది? నోట్లకెళ్లి రాలే. ఇన్నేండ్లకు బండి ఎక్కిన మనిషి, ఏమంటే దిగిపోతదో అని భయం.

ఎనక తలుపు తీసి అరుణను నిమ్మళంగ కూసోవెట్టింది, బెల్టు జరిపింది, తువ్వాల సదిరింది, పిల్లను కుర్చీల పండవెట్టి పట్టీలు బిగించింది. ఆ సందుల అండాలమ్మ ఒక పని చేసింది, ఎవ్వరూ చూడలే. సంచిలకెళ్లి పసుపు రాసిన కొబ్బరికాయ తీసింది, యాదగిరిగుట్ట మీద పూజ చేయించి తెచ్చింది. ముందు తలుపు తీసి, డ్రైవరు సీటు కిందికి నెట్టింది. ఆమె మామ ఎడ్లబండి మీద బాలింతను తెచ్చేటప్పుడు బండి తొట్టిల, తోలేటోని కాళ్ల కాడ, గుట్ట కొబ్బరికాయ వెట్టేటోడు. తోలేటోనికి దిష్టి తగలద్దని. ముసలామెకు కోడలి మీద ప్రేమ లేదని ఎవడన్నడు? ఉన్నది గనుకనే పెట్టింది. ఎడ్లబండికి బ్రేకు పెడలు ఉండదన్న సంగతే ఆమెకు తట్టలే.

యాదలక్ష్మి ముందుకొచ్చింది. అలవాటు కొద్ది తలుపు తీసి గొంతు కూసోబోయింది. అండాలమ్మ అప్పటికే పక్క సీట్ల కూసున్నది.

"మళ్ల ఏం దేవులాడుతున్నవే? అవతల టైం అయితుంది."

యాదలక్ష్మి లేచి నిలబడ్డది. చూడలే. బుద్ధి గడ్డి తిన్నదంటే ఇదే.

బండి కదిలింది. కొత్తపేట కాడ మెట్రో పిల్లర్ల నీడల మీదికెళ్లి, అరటిపండ్ల బండ్లను తప్పించుకుంట, ఎప్పటిలెక్కనే పోయింది. అండాలమ్మ మొదట తలుపు మీది పిడిని రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నది, కండ్లు మూసుకొని ఏదో గొణుక్కున్నది. కొద్దిసేపటికి ఒక చెయ్యి ఒదిలింది. ఇంకొంచెం దూరం పోయినంక రెండోది గూడ ఒళ్లెకు వచ్చింది. 

"గీడ ఒక పెద్ద గడ్డ ఉండాలె గదా. షేరాటోల నా నెత్తి పైకప్పుకు తగుల్తది."

"దాటినం అత్తమ్మా."

"ఎప్పుడు?"

ఎనకకెళ్లి అరుణ నవ్వింది. నవ్వినప్పుడు కుట్లు నొస్తయని పొట్ట పట్టుకొని మెల్లగ నవ్వింది. ఆ నవ్వు అద్దంల చూసి యాదలక్ష్మి ప్రాణం ఎంత హాయిగ ఉన్నదో ఏం చెప్పను. ఇగ ఎల్బీనగర్ దాటితే ఇల్లే.

ఫ్లైఓవర్ ఎక్కి దిగుతున్నరు. కిందికి పల్లం. కింద ఒక ఆర్టీసీ బస్సు ఎర్ర లైట్లు ఎలిగించి ఆగింది. యాదలక్ష్మి బ్రేకు మీద కాలు వెట్టింది. పెడలు కొంచెం దిగి, గట్టి దాని మీద ఆగిపోయింది. ఇంకా ఒత్తింది, దిగలే. బండి పల్లంల నిమ్మళంగ పోతనే ఉన్నది.

ఆమె పై ప్రాణాలు పైనే పోయినయ్. బ్రేకులు ఫెయిలయినయా? పొద్దుననే చూసుకున్నది గదా. పాదం కొస పక్కకు జరిపితే గుండ్రటిది ఏదో తగిలింది, పీచు తగిలింది. ఏందో సమజైంది. చెయ్యి కిందికి పోబోయింది. ఒంగి లాగేస్తే ఒక్క గడియల పని. గని ఒంగిన ఆ గడియ తొవ్వ ఎవరు చూస్తరు? మహిపాల్ మాట చెవుల గింగురుమన్నది. కండ్లు దించలే.

నాలుగు దిక్కుల ఇండికేటర్లు ఒక్కసారి ఏసింది. ఎడమ కాలుతోని క్లచ్చి తొక్కి సెకండ్ గేరుకు దించి, క్లచ్చిని చానా మెల్లగ ఇడిసింది. ఇంజను గట్టిగ మూలిగింది, బండి పట్టుకున్నట్టు ఆగుకుంట ఆగుకుంట పోయింది. ఎడమ చేత్తోని హ్యాండ్ బ్రేకు పిడి బొత్తాము ఒత్తి పట్టి కొంచెం లేపింది, ఒదిలింది, మళ్ల కొంచెం లేపింది. ఒక్కపారి గుంజితే బండి అడ్డం తిరుగుతది, ఎనక కూసున్న బిడ్డ కుట్లు తెగుతయ్. ముప్పైల ఉన్నది గనుక సరిపోయింది. ముందట ఇడిసిన జాగ ఉన్నది గనుక సరిపోయింది. బస్సు ఎనక భాగం పెద్దగ అయ్యింది, ఇంకా పెద్దగ అయ్యింది. ఆమె ఎడమకు మలిపింది. ఒక మూసేసిన దుకాణం ముందట మట్టి జాగల బండి ఊపిరి ఒదిలినట్టు ఆగింది.

పిల్ల లేవలే.

"ఎందుకాపినవమ్మా?" అన్నది అరుణ. ఆమెకు ఏం తెల్వలే. కుదుపే లేనప్పుడు ఎట్ల తెలుస్తది?

"ఏం లేదు బిడ్డా. గాలి పీల్చుకుందామని."

హ్యాండ్ బ్రేకు గట్టిగ లాగి, ఇప్పుడు ఒంగి, పెడలు కిందికెళ్లి కొబ్బరికాయ ఊడబెరికింది. తలుపు తీసుకొని దిగింది. దుకాణం మెట్ల దాంక నడిచింది గని ఆడికి పోయినంక కాళ్లు నిలబడలే, కూలబడ్డది. కుడికాలు మోకాలు కాడికెళ్లి కింది దాంక గజగజ వణుకుతుంది. రెండు చేతులతోని అదిమి పట్టుకున్నా ఆగుతలేదు.

అండాలమ్మ దిగి వచ్చింది, కోపంగ వచ్చింది. "పన్నెండుకు ఇంకెంత సేపున్నదని గీడ ఆపినవే..." అని నోరు తెరిచి, మెట్టు మీద ఉన్న పసుపు కొబ్బరికాయను చూసింది. పీచు నలిగి, పసుపు మీద పెడలు రబ్బరు గుర్తు పడి ఉన్నది. కొబ్బరికాయను చూసింది, బండిల ఉన్న మనుమరాలిని చూసింది, ముందట ఇంకా నిలబడే ఉన్న బస్సును చూసింది. 

"బ్రేకు కింద ఇరికిందా?"

"ఇరికింది అత్తమ్మా."

"నేనే పెట్టిన. నీకేం గావద్దని పెట్టిన." ముసలామె తన చేతుల దిక్కు చూసుకున్నది. "నా చేతులు ఇరుగ. నా చేతులతోని నేనే."

"అట్లనకు అత్తమ్మా. పెట్టింది నువ్వు గావచ్చు, చూసుకోవాల్సింది నేను. రోజూ తడిమి చూస్త. ఇయ్యాల చూడకపోతి." యాదలక్ష్మి మొఖం కొంగుల దాచుకున్నది. "వేరేటోళ్ల బిడ్డయితే చూస్తుంటి. నా బిడ్డకు చూడకపోతి."

అండాలమ్మ కొబ్బరికాయను తీసుకపోయి డిక్కీల ఏసి మూసి వచ్చింది. వచ్చి, కోడలు కూసున్న మెట్టుకు కింద, దుమ్ములనే కూసున్నది. ఆ వణికే కుడికాలును చెప్పు తీసి తన ఒళ్లెకు లాక్కున్నది.

యాదలక్ష్మి ఉలిక్కిపడ్డది. "అత్తమ్మా, ఏం పనిది? పెద్దదానివి, నా కాలు పట్టుకుంటవా? నాకు పాపం తలుగుతది."

"తలిగితే నాకు తలగనీ. ఊకో."

ముసలామె పాదం కింద బొటనవేలు పెట్టి ఒత్తింది, పిక్కల దాంక రాసింది, బాలింతకు రాసినట్టు. రోడ్డు మీద పోయేటోళ్లు తిరిగి తిరిగి చూసిండ్రు. అండాలమ్మ ఎవ్వరి దిక్కు చూడలే. తల ఎత్తకుండనే అన్నది.

"కాలు ఇంతగనం వణుకుతుంటే, బండి జర్రంత గూడ వణుకలేదు గదనే."

యాదలక్ష్మికి అప్పటిదాంక రాని ఏడుపు అప్పుడొచ్చింది. అత్త తల మీద చెయ్యి పెట్టి, చిన్నపిల్ల లెక్క ఏడ్చింది. ఏండ్ల నుంచి ఆమె వినాలనుకున్న మాట అది. ఊళ్లె ఎందరు పొగిడినా తీరని ఆకలి ఆ ఒక్క మాటతోని తీరింది.

"పన్నెండు దాటుతుంది అత్తమ్మా" అన్నది కండ్లు తుడుచుకొని.

"దాటనీ. వణుకు పోయినంకనే తాళం ముట్టు."

వణుకు పోయేదాంక కూసున్నరు. అరుణ బండిలకెళ్లి అద్దం దించి ఏమైంది నాయనమ్మా అంటే, మీ అమ్మ కాలు తిమ్మిరెక్కింది అని చెప్పింది ముసలామె. అటెన్క లేచి, కోడలి కంటే ముందు తనే పోయి డ్రైవరు తలుపు తీసి, నడుము పట్టుకొని ఒంగి, పెడళ్ల కింద చెయ్యి పెట్టి మూల మూల తడిమింది. "ఏం లేదు. ఇగ కూసో" అన్నది. యాదలక్ష్మి కూసున్నది. బ్రేకు రెండు మూడు సార్లు ఒత్తి చూసుకొని, ఎప్పటిలెక్కనే ముప్పైల పోయింది.

ఇంటికాడ మహిపాల్ గేటు పట్టుకొని నిలబడ్డడు, ఎవరెవరు దిగుతున్నరో కానరాక ఇంజను చప్పుడు దిక్కే మొఖం పెట్టిండు. పక్కింటి సూర్యప్రభమ్మ గుంటూరు దిక్కు మనిషి, పద్ధతులల్ల మస్తు పట్టింపు. ఎర్రనీళ్ల పళ్లెం పట్టుకొని గేటు కాడ ఉన్నది. బండి ఆగంగనే ఎదురొచ్చింది.

"అయ్యో పెద్దమ్మగారూ, రాహుకాలం వచ్చేసిందండీ. ఒంటిగంటన్నర దాకా గడప తొక్కకూడదు. అమ్మాయినీ పాపనీ మా వరండాలో కూర్చోబెడదాం, ఏమంటారు?"

యాదలక్ష్మి అత్త దిక్కు చూసింది. బతుకుల ఒక్కసారి గూడ రాహుకాలంల గడప దాటని మనిషి, కూరగాయలకు గూడ గడియ చూసుకొని పోయే మనిషి.

అండాలమ్మ నిమ్మళంగ బండి దిగింది. సూర్యప్రభమ్మ చేతుల పళ్లెం తీసుకున్నది.

"మా రాహుకాలం తొవ్వలనే అయిపోయిందమ్మా" అన్నది. 

అరుణను దింపిండ్రు, పసిగుడ్డును దింపిండ్రు. అండాలమ్మ ఎర్రనీళ్లు ముందుగాల కోడలికి తిప్పింది, అటెన్క మనుమరాలికి, మునిమనుమరాలికి. పళ్లెం గేటు బయట పారవోసి వచ్చి, కోడలి రెక్క పట్టుకొని ముందుకు తోసింది.

"లక్ష్మీ, నువ్వు ముందు నడువు. నీ ఎనక మేమొస్తం."